అక్క మడికి పోసిన నీళ్ళు

నా చిన్నప్పుడు... పొద్దున్నే నా పని నాలుగు బిందెల నీళ్ళు మోయడం. ఇంట్లోకి కాదు... మా అక్క కూరగాయల మడికి.

అక్క వ్యవసాయంలో డిగ్రీ చదివింది. పటాన్‌చెరు అవతల మా ఊర్లో ఆ చదువు చదివిన మొదటి ఆడపిల్ల. నేనేమో అయిదో తరగతితోనే బడి మానేశాను. అక్క పుస్తకాల్లో ఆకుల బొమ్మలు చూస్తూ కూర్చునేదాన్ని...

చదువయ్యాక అక్కకు దొరికిన కొలువు ఒక్కటే... ఊరూరు తిరిగి పురుగుమందులు అమ్మడం. అక్కకు మనసొప్పలేదు. మందులు కొట్టకుండా, పేడ ఎరువుతోనే కూరగాయలు పండిస్తానంది.

"ఒక్క మడి ఇస్తా బిడ్డా. పండితే చేనంతా నీదే. ఎండితే మాత్రం ఆ కొలువుకు పోవాలె" అన్నాడు బాపు.

అక్క టమాటా, వంకాయ నారు పెట్టింది. మా చేన్లో బోరు ఉండేది కానీ, చుట్టూ ఫ్యాక్టరీలు వచ్చాక ఆ నీళ్ళు పచ్చగా తిరిగాయి, ముక్కుకు ఘాటుగా తగిలేవి. "బోరు నీళ్ళు సుక్క గూడ పొయ్యకు చెల్లె. ఊర్లె చేదబావి నీళ్ళింక మంచిగనే ఉన్నయి, ఆడికి పోయి తే" అని మరీ మరీ చెప్పింది. తను షేర్ ఆటో ఎక్కి పట్నం పోయి, కూరగాయలు కొనేవాళ్ళ కోసం అపార్టుమెంట్లన్నీ తిరిగేది.

చేదబావి దగ్గర ఆడవాళ్ళంతా ఉండేవాళ్ళు. నాకు నలుగురిలో నోరు పెగలదు... ఇప్పటికీ అంతే.

"ఏమే పిల్లా, పెండ పిసుకుడు నేర్వనీకె మీ అక్క గన్నేండ్లు కాలేజీకి పోయిందా? మేం కాలేజీకి పోకుండనే పాసైనం గద" అనేది మా వెనకింటి లచ్చమ్మ పెద్దమ్మ. అందరూ నవ్వేవాళ్ళు. "మాట్లాడవేందే, నాలుక ఇంట్ల పెట్టొచ్చినవా?"

రోజూ అదే. నాకు ఏడుపొచ్చేది.

ఒకరోజు బావికి పోలేదు. మడి పక్కనే బోరు... అక్కడ ఎవరూ ఉండరు, ఎవరూ నవ్వరు. బిందె నింపి పోశాను. మర్నాడూ అంతే. అలా పది పన్నెండు రోజులు...

టమాటా పూతకొచ్చే వేళకి ఆకుల అంచులు కాలినట్టు అయ్యాయి. తర్వాత మొక్కలు ఒక్కొక్కటే వాలిపోయాయి. అక్క మడిలో కూర్చుని ఒక మొక్క పీకింది. వేరు చూసింది, వాసన చూసింది.

"నీళ్ళు బావియే గద చెల్లె?"

తల ఊపాను.

అక్క నన్ను నమ్మింది. గట్టు మీద నిలబడ్డ బాపుతో అంది... "నాకే రాలేదు బాపూ. ఎరువు పాళ్ళు తప్పిన గావచ్చు. గన్నేండ్లు సదివి ఒక్క మడి పండించలేకపోయిన."

బాపు కోప్పడలేదు. "పోనీ బిడ్డా, లే" అన్నాడు. వారం తిరక్కుండానే అక్క ఆ మందుల కొలువులో చేరింది. మడి మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు నా పెళ్ళయి, ముత్తంగిలో కిరాయి ఇంట్లో ఉంటున్నాం. ఆయన బొల్లారంలో షిఫ్టు డ్యూటీ. మా ఓనరు గారి అమ్మాయి అక్క చదివిన చదువే చదువుతోంది. మొన్న అంది, "మట్టి, నీళ్ళు పరీక్ష చేసే పనులున్నయి అక్కా. రైతు సంఘాలల్ల తీస్కుంటున్నరు. మందుల్లేని పంటలు కొనే కంపెనీలు గూడ వచ్చినయి." మా అక్క ముందు అప్పుడు ఇన్ని దారులు లేవు. ఉన్న ఒక్క దారినీ నేనే మూసేశాను.

మా చేను అమ్మేశాం, అందులో ఇప్పుడు గోదాములు లేచాయి. అక్క ఇంకా మందులే అమ్ముతోంది... దూరపు జిల్లాలో.

అక్కా, నువ్వు ఇక్కడ నా పోస్టులు చూస్తావని తెలుసు. ఎదురుగా చెప్పే ధైర్యం ఇన్నేళ్ళయినా రాలేదు. అవి బోరు నీళ్ళు. నీకు అంతా వచ్చు.

చదివినవాళ్ళు కూడా... చిన్నప్పుడు ఇలాంటిదేదైనా దాచి ఉంటే నా పోస్టు కింద రాయకండి. ఆ మనిషికే ఫోన్ చేసి చెప్పండి...