సగం చెప్పిన అప్పు

మా నాయన దూదేకేవాడు. మైదుకూరుకు మూడు మైళ్ల దూరంలో మా ఊరు. పత్తి చేతికొచ్చిందంటే ఆయన విల్లు భుజాన వేసుకుని చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేవాడు. ఒకరింట్లో పరుపు, ఇంకొకరింట్లో దిండ్లు, పెళ్లి కుదిరిన ఇంట్లో నాలుగు రోజుల పని. పదిహేనో ఏట నుంచి నేనూ ఆయన వెంట పోయాను. పని కష్టమని కాదు గానీ, జుట్టులో, కనుబొమల్లో, ముక్కుల్లో దూది నూగు పట్టుకుని సాయంత్రానికి ముసలివాడిలా కనిపించడం నాకు నచ్చేది కాదు. ఇరవై రెండో ఏట, కడపకు పోయి సైకిళ్లు బాడుగకిచ్చే అంగడి పెడతానన్నాను.

నాయన అడ్డు చెప్పలేదు. "దుడ్డు యాడిది?" అని మాత్రం అడిగాడు.

ఒక స్నేహితుడు పెడుతున్నాడని చెప్పాను. అలాంటి స్నేహితుడెవరూ లేడు. కడపలో ఒక శెట్టిగారికి ప్రోనోటు రాసిచ్చి రెండు వందలు తెచ్చుకున్నాను. దాంతో నాలుగు పాత సైకిళ్లు, ఒక గాలి పంపు, స్టేషన్ దారిలో ఒక చిన్న గది.

మొదటి రెండేళ్లు బాగానే నడిచింది. గంటకు అణా. కోర్టు పనుల మీద పల్లెల నుంచి వచ్చినవాళ్లు, తొక్కడం నేర్చుకుంటున్న గుమాస్తాలు, పెళ్లిచూపులకు పోయే పెళ్లికొడుకులు. ఒంటిమిట్ట తిరునాళ్లప్పుడు ముందురోజే నాలుగు సైకిళ్లకూ బయానా ముట్టేది. శెట్టిగారికి నెలనెలా వడ్డీ కట్టేవాణ్ణి. అసలు జోలికి మాత్రం పోలేదు. చేతిలో నాలుగు రూపాయలు ఆడుతున్నప్పుడు అసలు ఎప్పుడైనా తీర్చవచ్చు అనిపిస్తుంది.

తర్వాత యుద్ధం మా అంగడి దాకా వచ్చింది. మలయా జపాను చేతికి పోయిందనీ, ఇక రబ్బరు రాదనీ చెప్పుకున్నారు. నిజంగానే టైర్లు కనపడకుండా పోయాయి. పర్మిట్ ఉన్నవాళ్లకే అన్నారు. పర్మిట్ ఉన్నవాళ్లకూ దొరకలేదు. పాత టైరు ముక్కలు లోపల పెట్టి, పైన తాళ్లు చుట్టి కొన్నాళ్లు నెట్టుకొచ్చాను. ఆ ఏడు తిరునాళ్లకు పోయిన రెండు సైకిళ్లు ఎద్దులబండి మీద తిరిగొచ్చాయి. బాడుగకు తీసుకున్నవాళ్లు నన్ను తిట్టి, ఇచ్చిన బయానా వెనక్కి తీసుకుపోయారు. మూడో సైకిలు వానాకాలం రాకముందే గోడకు ఆనింది. ఒక్కటే తిరుగుతుండేది. దాని మీద గది బాడుగ కూడా గిట్టుబాటు కాలేదు.

వడ్డీ నిలిచిపోయింది. శెట్టిగారు అరిచే మనిషి కాదు. పాత నోటు తీసుకుని, నిలిచిన వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకునేవాడు. అలా రెండుసార్లు రాశాను. మధ్యలో ఆయన దగ్గరే చేబదులు కూడా తీసుకున్నాను. అందులో కొంత ఎందుకంటే, బక్రీదుకు ఇంటికి పోయేటప్పుడు నాయనకు పంచె, అమ్మకు చీర కొనడానికి. ఆ చీర చూసి అమ్మ, "అంగట్లో బేరం బాగుండాదారా?" అని అడిగితే, "శానా బాగుండాది" అన్నాను. మొత్తం బాకీ మూడు వందలకు చేరింది.

ఒకరోజు పొద్దున పదిగంటల వేళ నాయన చెప్పకుండా అంగడికి వచ్చాడు. విల్లుకు కట్టే నరం కొనుక్కోవడానికి పెట్రోలు దొరక్క బొగ్గుతో నడుపుతున్న బస్సెక్కి కడపకు వచ్చాడట. నేను టైర్లు లేని మూడు సైకిళ్ల మధ్య ఊరికే కూర్చుని ఉన్నాను. ఆయన లోపలికి వచ్చి ఒక చక్రాన్ని వేలితో తిప్పి చూశాడు. అది తిరిగి తిరిగి ఆగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

"ఎన్ని దినాలాయె ఇట్ల?"

"ఆరు నెలలు."

"నీ స్నేహితుడేమంటాండాడు?"

ఇక దాచలేకపోయాను. స్నేహితుడు లేడని, శెట్టిగారి అప్పని చెప్పాను. నాయన తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఎంత?"

మూడు వందలు అనే మాట నోట్లోకి వచ్చింది. బయటికి మాత్రం, "నూట యాభై" అని వచ్చింది. ఎందుకలా చెప్పానో అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. నూట యాభై అంటే ఒక యువకుడు పొరపాటు పడ్డాడు అనిపిస్తుంది. మూడు వందలంటే మనిషి పనికిమాలినవాడనిపిస్తుంది.

పదిరోజుల తర్వాత నాయన మళ్లీ వచ్చి పంచె మడతలోంచి నూట యాభై తీసి ఇచ్చాడు. మా మట్టిమిద్దె అప్పటికి మూడేళ్లుగా కారుతోంది. దూలాలు మార్చడానికి కూడబెట్టిన దుడ్డు అది. ఆ సంగతి ఆయన చెప్పలేదు, నాకు చెప్పనక్కర్లేదు. "పోయి కట్టేసిరా" అన్నాడు. తీసుకున్నాను. చేతులు వణికాయనీ, కన్నీళ్లు పెట్టుకున్నాననీ రాస్తే అబద్ధమవుతుంది. ఊపిరి పీల్చుకోవడానికి కొంచెం సందు దొరికింది, అంతే. ఆ నూట యాభై శెట్టిగారికి కట్టి, మిగిలిన సగం బాకీ సైకిళ్లు అమ్మి తీర్చవచ్చని లెక్క వేసుకున్నాను.

టైర్లు లేని సైకిళ్లను ఎవరూ కొనలేదు. నాలుగు నెలలకు శెట్టిగారు నన్ను పిలిపించి, "ఏమప్పా, నేనూ ఒకరికి జవాబు చెప్పుకోవల్ల. ఈ నెల దాటితే దావా వేయక తప్పదు" అన్నాడు. దావా వేస్తే సమను మా ఊరికి పోతుంది. ఆ మరుసటిరోజు నేనే ఊరికి పోయాను.

నాయన పనికి పోయి ఉన్నాడు. అమ్మ బర్రెకు నానబెట్టిన పత్తిగింజలు పెడుతోంది. నిలబడే చెప్పాను.

అమ్మ గంప కింద పెట్టింది. "ఇంగెంత?"

"నూట యాభై. ఈ నాలుగు నెలల వడ్డీ వేరే."

"ఆ పొద్దు మీ నాయన అడిగినప్పుడు నీకు తెలుసునా, ఇంగా ఉండాదని?"

"తెలుసు."

"అప్పు చేసినావు. సరే, మనుషులన్నాక చేస్తారు. మాతాన సగం చెప్పి సగం యాల దాచినావు?"

"సిగ్గేసింది మా."

"సిగ్గు నీది. మిద్దె కారేది మా నెత్తిన" అంది. గొంతు పెంచలేదు. "మొత్తం చెప్పింటే అప్పుడే దారి చూసుకునేవాళ్లం. నాలుగు నెలలు వడ్డీ కూడా మిగిలేది."

సాయంత్రం నాయన వచ్చాడు. అమ్మే ఆయనకు చెప్పింది. ఆయన కాళ్లు కడుక్కుని, నమాజు చేసుకుని వచ్చి, నన్ను చూడకుండా, "బర్రెను అమ్మల్ల" అన్నాడు. అమ్మ "ఊఁ" అంది. అమ్మ ఆ బర్రె పాలు మైదుకూరుకు తీసుకుపోయి అమ్మేది. ఇంట్లో ఉప్పూ చింతపండూ దాని మీదే వచ్చేవి.

సంతకు బర్రెను నేను తోలుకుపోయాను. అమ్మ వెనక నడిచింది. బేరం ఆమే చేసింది. కొనేవాడు పళ్లు చూశాడు, పొదుగు చూశాడు, తొంభై అన్నాడు. అమ్మ పక్కకు తిరిగి నిలబడింది. మధ్యాహ్నానికి నూట పదికి తెగింది. పగ్గం అతని చేతికిస్తుంటే బర్రె నా వైపు వచ్చింది. అమ్మ దాని వీపు మీద చరిచి, "పో, పో" అంది. తిరిగొచ్చేటప్పుడు అమ్మ ముందు నడిచింది, నేను వెనక.

కడపకు దుడ్డు నా చేతికిచ్చి పంపుతారనుకున్నాను. అమ్మ తానే బయలుదేరింది. అంతకుముందు ఆమె కడపకు రెండుసార్లే వచ్చింది. మూడు సైకిళ్లను పాత ఇనుము కొనేవాడికి ముప్పైకి అమ్మేసి, నాలుగోదాన్ని ఉంచుకుని, ఇద్దరం శెట్టిగారి అంగడికి పోయాం. అమ్మ గడప దగ్గరే కూర్చుంది.

"శెట్టిగారూ, ఆ కాయితం తీసి చదువు. ఎంతుండాదో నేను ఇనాల" అంది.

"నీ కొడుక్కు తెలుసు కదమ్మా."

"వాడికి తెలుసు. నాకు తెలియాల."

శెట్టిగారు నా వైపు ఒకసారి చూసి, కళ్లద్దాలు పెట్టుకుని, నోటు మొదటి నుంచి చివరిదాకా చదివాడు. నా పేరు, మా నాయన పేరు, మా ఊరి పేరు, నేను తీసుకున్న మొత్తం, వెనకవైపు నేను కట్టిన నూట యాభై. అమ్మకు చదవడం రాదు. ఒక్కొక్క మాటకూ తల ఊపుతూ విన్నది. తల్లి ముందు తన ప్రోనోటును ఇంకొకరు గట్టిగా చదువుతుంటే వినడం ఎలా ఉంటుందో విన్నవాడికే తెలుస్తుంది. దావా వేసినా నా తల అంత వంగేది కాదు.

"ఇంగేమన్నా ఉండాదా? చేబదులు గీబదులు?" అని అడిగింది.

"ఏం లేదు. అంతా దీంట్లోనే కలిసింది."

అమ్మ నూట నలభై తీసి పెట్టింది. అసలుకే పది తక్కువ, వడ్డీ వేరే. శెట్టిగారు వాటిని చూసి, అమ్మ వైపు చూసి, "చాల్లేమ్మా" అని చెల్లు రాసి, నోటు నిలువునా చించి ఇచ్చాడు. అమ్మ ఆ ముక్కలు కొంగున ముడివేసుకుంది. ఆయన మంచివాడా కాదా అని నేనెప్పుడూ తేల్చుకోలేదు. పది రూపాయలూ, నాలుగు నెలల వడ్డీ వదిలిన మాట నిజం, వడ్డీ మీద వడ్డీ వేసిన మాటా నిజం.

అంగడి గది ఖాళీ చేసి ఊరికి వచ్చేశాను. ఆ చలికాలం మళ్లీ నాయన వెంట దూదేకడానికి పోయాను. ఆయన ఆ అప్పు మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. మొదటి నెల కూలిలో నా భాగం ఆయనకివ్వబోతే, "నాకేల, నీకు అప్పు పెట్టినానా?" అని తోసేశాడు. దాన్నే తీసుకుపోయి అమ్మకిచ్చాను. అమ్మ లెక్కపెట్టి తీసుకుంది. ఆ తర్వాత ప్రతి నెలా తీసుకుంది. ఒక నెల తక్కువైతే, "రూపాయి తక్కువుండాది, వచ్చే నెల కలుపు" అనేది. నాయన మాఫీ చేసినప్పుడు తల దించుకున్నాను. అమ్మ వసూలు చేస్తుంటే నిమ్మళంగా ఉండేది. ఎందుకో అప్పుడు తెలియలేదు. ఇచ్చే చేయి నాకూ ఉందని ఆమె ఒప్పుకుంటోందని ఇప్పుడనుకుంటాను.

రెండు వానాకాలాలు మిద్దె కారింది. కారే చోటల్లా చట్లు పెట్టుకుని, చాపలు అటూ ఇటూ జరుపుకుంటూ గడిపాం. మూడో ఏడు దూలాలు మార్పించాం. యుద్ధం అయిపోయి టైర్లు మళ్లీ రావడం మొదలైంది. నేను మైదుకూరులో కడప దారి పక్కన సైకిళ్లు బాగుచేసే అంగడి పెట్టాను. ఉంచుకున్న ఒక్క సైకిలు, చిన్న పెట్టెడు సామాను, ఒక తడిక పందిరి. ఒక్క పైసా అప్పు తేలేదు. పెట్టిన వారానికి నాయన వచ్చి, పందిరి కింద గోనెపట్ట మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. ముగ్గురు పంక్చర్లు వేయించుకుని పోయారు. ఆయన వాళ్లతో వానల గురించీ, పత్తి ధర గురించీ మాట్లాడి, నమాజు వేళకు లేచి ఇంటికి పోయాడు.