గోటి గీతలు

ఆ పేటలో అతన్ని చెట్ల డాక్టరంటారు. హోటళ్ల ముందు, ఆఫీసుల ముందు అందానికని ఎక్కడినుంచో పెకలించి తెచ్చి నాటిన పెద్ద చెట్లు ఆకులు వేలాడేసి నీరసపడితే, కబురు అతనికే వస్తుంది. అతని వైద్యం సగం చెట్టుకి, సగం మనుషులకి. చెట్టుకైతే నీడ కోసం వల కడతాడు, వేళ్లు కుదురుకునేదాకా ఊగకుండా ఊతకర్రలు పాతుతాడు. మనుషులకి మాత్రం ఒకటే మందు: దాని జోలికి పోకండి. బతికించాలన్న ఆత్రంలో బిందెలకొద్దీ నీళ్లు పోసి వేళ్లు కుళ్లబెట్టేవాళ్లే ఎక్కువ మరి.

ఇంత చెప్పే మనిషికి సొంత పెరట్లోనే తల బొప్పి కట్టింది.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు వదినగారి ఇంటి ముందరి స్థలం పోయింది. అక్కడున్న సంపెంగ అన్నయ్య చేత్తో నాటింది. అన్నయ్య పోయి ఇంకా ఏడాది తిరగలేదు. చెట్టుని బతికించే పూచీ నాదని వదినకి మాటిచ్చి, మట్టిగడ్డతో సహా తవ్వి తెచ్చి తన పెరట్లో నాటాడు. అది ఉన్న ఆకులన్నీ రాల్చేసి మోడులా నిలబడింది. ఇది మామూలేనని, బెరడు మీద గోటితో గీకితే లోపల పచ్చగా కనిపిస్తుందని, పచ్చగా ఉన్నంతకాలం ప్రాణం ఉన్నట్టేనని అందరికీ గీకి మరీ చూపించాడు. అదే కొంప ముంచింది.

భార్య పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి గీకేది. కూతురు కాలేజీకి పోతూ గీకేది. వదినైతే రోజూ ఏదో వంకతో వచ్చేది: ఒకరోజు జల్లెడ కావాలని, మర్నాడు ఆ జల్లెడ ఇచ్చేయాలని. వచ్చినప్పుడల్లా పెరట్లోకి ఓ అడుగు వేసేది. చూడటానికేగా అనుకున్నాడు. తీరా ఒకరోజు దగ్గరికెళ్లి చూస్తే మాను చుట్టూ గీతలే గీతలు, పిల్లి గోళ్లు గీరుకున్న గుంజలా. కొన్నిచోట్ల బెరడు ఎండి చీలుతోంది. నిజం చెప్పాలంటే వాటిలో కొన్ని అతనివే. డాక్టరైతే మాత్రం, అన్నయ్య చెట్టాయె.

ఒళ్లు మండి, మాను మొత్తానికి గోనెపట్టా చుట్టి పురికొసతో బిగించి కట్టేశాడు. భార్యా కూతురూ దాని జోలికి పోవడం మానేశారు. వదిన మాత్రం ఆ కట్టు చూసి అరుగు మీద కూలబడింది.

"ఇప్పుడు బతికుందో లేదో నాకెలా తెలుస్తుంది?"

కొన్నాళ్లు తెలియకపోతేనే దానికి మంచిదని, ఊరందరికీ చెప్పే పాఠమే ఆమెకీ మొదలుపెట్టాడు. ఆమె మధ్యలోనే ఆపింది.

"మీ అన్నయ్యనీ కదపొద్దు, పడుకోనివ్వండి అన్నారు ఆస్పత్రిలో. నేను కదపలేదు. తెల్లారాక చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది."

ఈ సంగతి ఆమె ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అతనికి తన పాఠం మీద తనకే సిగ్గేసింది. చాకు తెచ్చి, గోనెపట్టాలో చెయ్యి పట్టేంత కంత కోశాడు. గీకొద్దని, ఊరికే చెయ్యి ఆనించి చూడమని చెప్పాడు.

ఎండ మిటమిటలాడుతోంది. ఆమె అరచెయ్యి లోపలికి పోనిచ్చి, చప్పున వెనక్కి లాక్కుంది.

"చల్లగా ఉంది డాక్టరూ."

"చల్లగానే ఉండాలి వదినా. ఇంత ఎండలోనూ చల్లగా ఉందంటే లోపల నీళ్లు పారుతున్నట్టు. ఎండిన కట్టె అయితే ఈపాటికి వేడెక్కిపోయేది."

ఆమె నమ్మీ నమ్మనట్టు అతని మొహంలోకి చూసి, మళ్లీ చెయ్యి పెట్టింది. ఈసారి తీయలేదు. అతను రెండో పక్కన ఇంకో కంత కోసి, తన చెయ్యీ లోపల పెట్టాడు.