షమీమ్ తీసిన దేవయాని

మా సారు పోయారు. ధర్మవరంలో కూతురింట్లో పొద్దున కాఫీ తాగి, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారట. ఆ అమ్మాయి ఫోన్ చేసేసరికి నేను హిందూపురంలో మా స్కూలు గేటు దగ్గర స్కూటీకి స్టాండు వేస్తున్నాను. "అక్కా, నాయన పోయినాడక్కా" అంది. నాకు ముందు ఏడుపు రాలేదు. ఇక ఆయన నన్ను నిలదీయరు అన్న ఆలోచన వచ్చింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ఛీ, ఇదేం మనసు అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను.

పెనుకొండ హైస్కూల్లో నాకు సైన్సు చెప్పింది ఆయనే. నేను హిందూపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు మిస్సుగా చేరానని తెలిశాక, రిటైరైన మనిషి, శనివారం శనివారం బస్సెక్కి వచ్చి మా పిల్లలకు ఆకాశం గురించి చెప్పేవారు. అంత పిచ్చి ఉన్న మనిషి దగ్గర టెలిస్కోపు లేదు. "సొంతానికి ఎందుకమ్మా? నెట్లో కావాల్సినన్ని ఉండాయి. వాడుకోండ్రా నాయనా అని వాళ్ళే మొత్తుకుంటాండారు" అనేవారు.

నిజంగానే ఉన్నాయి. మనలాంటి మామూలు జనం గెలాక్సీల ఫోటోలు చూసి, ఇది గుండ్రంగా ఉంది, ఇది సుడి తిరిగి ఉంది అని గుర్తుపెట్టి పంపే సైటు ఒకటి. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపులు తీసిన బొమ్మలన్నీ ఎవరైనా దింపుకోగలిగేలా పెట్టిన సైటు ఇంకొకటి. అన్నిటికంటే ఆయనకు ఇష్టమైనది ఎక్కడో విదేశంలో కొండమీద తనంతట తాను తిరిగే టెలిస్కోపు. బడిపిల్లలు ఫలానాది కావాలని నెట్లో అడిగితే, వంతు వచ్చినప్పుడు ఫోటో తీసి మెయిల్ పంపుతుంది. ఇక్కడ పట్టపగలు మా కంప్యూటర్ రూములో పిల్లలు ఉప్మా వాసన చేతులతో మౌసు పట్టుకుని ఆకాశాన్ని అడుగుతుండేవారు.

ఆయనకో అలవాటు ఉండేది. ఫోన్లో ఏ ఆకాశం బొమ్మ వచ్చినా ముందు దాన్ని బొటనవేలితో మూసేసి, కింద రాసింది చదివేవారు. ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, రంగులు ఎలా వచ్చాయి. ఆ టెలిస్కోపులు తీసేది నలుపు తెలుపులోనే, రంగులు తర్వాత మనుషులు అద్దుతారు, ఎలా అద్దారో రాసి పెడతారు. అది చదివాకే వేలు తీసేవారు. ఒకసారి నేను ధగధగలాడే బొమ్మ ఒకటి స్కూలు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. వెంటనే ఫోన్. "ఎవురు తీసినారమ్మా ఇది? యాడ రాసుండాది?" నాకేం తెలుసు, ఎవరో పంపారు, నేనూ పంపాను. తీరా చూస్తే కంప్యూటర్లో గీసిన బొమ్మ. "బాగుండాది. గీసిందని చెప్పి పెట్టు, ఏం తప్పులేదు" అని నవ్వారు. ఈయనకు చాదస్తం ముదిరిందని నేను గొణుక్కున్నాను.

షమీమ్ అప్పుడు తొమ్మిదో తరగతి. వాళ్ళ నాయన పరుపులు కుడతాడు. ఆ పిల్ల దేవయాని గెలాక్సీ కావాలని అడిగింది. మొదటిసారి మెయిల్లో వట్టి బూడిదరంగు వచ్చింది. అక్కడ మబ్బు పట్టిందట. పిల్ల మొహం వేలాడేసింది. సారు మాత్రం "మబ్బుంటే మబ్బుండాదని రాసుకో పాపా. అదీ చూసినట్టే" అని మళ్ళీ అడిగించారు. రెండోసారి వచ్చింది. నల్లటి బొమ్మ మధ్యలో చిన్న తెల్లమచ్చ, పక్కనుంచి ఒక గీత. ఆ గీత అటుగా పోయిన ఉపగ్రహమట. క్లాసంతా ఇంతేనా అన్నారు. సారు మాత్రం పొంగిపోయారు. "ఇట్లాంటిది ఇంకెవురి దగ్గరా లేదు. షమీమ్ అడిగితే వచ్చింది ఇది."

ఈ ఏడాది సైన్సు ఎగ్జిబిషన్‌లో దాన్నే పెట్టాలనుకున్నాం. ముందురోజు మా కరస్పాండెంటు గారు చూసి, "ఏంది మేడమ్, బూజు పట్టినట్టుండాది! దీన్ని చూసి ఎవురన్నా పిల్లోళ్ళను చేరుస్తారా?" అన్నారు. ఆయనను అని లాభమేముంది? ఫ్లెక్సీ షాపుకు పోయింది నేను. అంతరిక్ష టెలిస్కోపు తీసిన రంగురంగుల గెలాక్సీ బొమ్మను దింపి, గోడంత కొట్టించి, కింద "షమీమ్ తీసిన దేవయాని" అని వేయించింది నేను. పెళ్ళికైనా చావుకైనా ఫ్లెక్సీ కట్టే ఊరు మాది, సైన్సుకు కడితే ఏమైందిలే అనుకున్నాను.

సారు వచ్చారు. అలవాటు ప్రకారం ముందు వంగి, కింద రాసింది చదివారు. తర్వాత తలెత్తి బొమ్మను చూశారు. "పాపా, ఇది నువ్వు తీసిందేనా?" అన్నారు. షమీమ్ నా వైపు చూసింది. నేను తల ఊపాను, ఊపీ ఊపనట్టు. "అవున్ సార్" అంది పిల్ల. ఆయన చప్పట్లు కొట్టారు. టీ తాగి, మూడు మాటలు మంచిగా మాట్లాడి, బస్సెక్కి పెనుకొండ వెళ్ళిపోయారు.

తర్వాత కూడా శనివారాలు వచ్చారు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. కాకపోతే రాగానే "ఏమ్మా, ఈ వారం ఏం చూసినావు?" అని అడగడం ఆయనకు రివాజు. ఆ అడగడం మానేశారు. పిల్లల్ని అడిగేవారు, నన్ను మాత్రం అడగలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చెప్పేద్దామని ప్రతివారం నోటిదాకా వచ్చేది, బస్సు టైమైపోయేది. బస్సు టైము అని నేనే అనుకునేదాన్ని.

స్కూల్లో సంతాపసభ పెట్టాం. ఆ ఫ్లెక్సీనే వేదిక వెనక కట్టించారు కరస్పాండెంటు గారు, సారు నేర్పిన పని కదా అని. ముందు సారు ఫోటో, చామంతి దండ. వద్దనాల్సింది నేనే. పైగా పిల్లల తరఫున షమీమ్‌ను మాట్లాడమన్నాను. చదవడానికి నాలుగు మాటలు నేనే రాసిచ్చాను కూడా. నా మొహానికి అదొకటి.

షమీమ్ మైకు దగ్గరికి పోయి, నేనిచ్చిన కాగితం విప్పలేదు. సారు ఫోటో వైపు తిరిగింది.

"సార్, మీరు అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పినా. ఎనకాల ఉండేది నేను తీసింది కాదు. సారీ సార్" అంది.

నా పేరు ఎత్తలేదు. అంతా తన నెత్తినే వేసుకుంది. ముందు వరసలో కూర్చున్న నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత సైన్సు పుస్తకంలోంచి ఒక కాగితం తీసింది. "నాది ఇది. ఎగ్జిబిషన్ అయినాక వచ్చిన శనివారం సారు పెనుకొండలో ప్రింటు తీపిచ్చి తెచ్చినారు. 'నీది నీ దగ్గర ఉండనీ పాపా. మిస్సును ఏం అడగొద్దు, చెప్పాలనిపిస్తే ఆమే చెప్తాది' అన్నారు."

అంటే ఇన్ని శనివారాలూ ఆయన ఎదురుచూశారు. నేను చెప్పలేదు.

షమీమ్ ఆ కాగితాన్ని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. నల్లటి కాగితం, అంత దూరం నుంచి ఏం కనిపిస్తుంది? వెనక వరసల పిల్లలు లేచి నిలబడ్డారు. చిన్న తరగతులవాళ్ళు బెంచీలెక్కారు. నేను లేవలేకపోయాను. వెనకనుంచి ఎవరో బుడ్డది అరిచింది.

"యాడక్కా? ఏం కనపడ్లా!"

"ఉండాది. బాగా చూడు" అంది షమీమ్, చేతులు దించకుండా.