ముత్లగ్ బావ శుభ్రం చేసిన నేల

మా మేనత్త ఖజ్నా కొడుకు ముత్లగ్ బావకు ఈ సమావా ఎడారిలో తెలియని సంగతి లేదు. పట్నంలో పది రోజుల సాగు శిక్షణకు వెళ్లొచ్చాడు మరి! ఇసుక కింద ఊరే కమా పుట్టగొడుగుల్లో తెల్లవాటిని జుబైదీ అనీ, ఎర్రవాటిని ఖలాసీ అనీ మేమంటాం. బావగారికి అది నామోషీ. నోరు తిరగని పేర్లు రాసి, ఒక్కోదానికీ చీటీ అంటించి, గుడారంలో వరసగా పేర్చాడు. నాలుగో రోజుకి కంపు.

"కూర వండుకునేవాటిని శవాల్లా పడుకోబెట్టావేంట్రా?" అని అత్త అన్నిటినీ బయట పారేసింది.

మామ పోయాక అత్త బతుకంతా వాగు పక్క నేల మీదే. మట్టి ఎక్కడ కాస్త ఉబ్బి నెర్రె విచ్చిందో చూసి కర్రతో తవ్వేది. పురుగు పట్టినవాటిని చిదిమి, పసుపు పూల రగ్రూగ్ మొక్కల మొదట్లో కప్పేది. కమా ఊరేది ఆ వేళ్లను అంటుకునే.

"అది సాగు కాదమ్మా, చాదస్తం," అనేవాడు బావ.

చలికాలానికి ముందు అత్త తన కూతురి పురిటికి వెళ్లింది. ఇదే అదనని బావ ఆ నేలకు కంచె వేసి మా కుర్రాళ్లందర్నీ పిలిచాడు.

"కలుపు ఒక్కటి కనబడకూడదు. శుభ్రంగా ఉండాలి, తెలిసిందా?"

"ఈ రగ్రూగ్ కూడానా బావా?" అన్నాను.

"అది కలుపు కాక ఖర్జూరమా? పీకవోయ్!"

పీకాను. మధ్యాహ్నం గొర్రెమాంసం, అన్నం పెట్టాడు. కడుపునిండా తిని మళ్లీ పీకాను. ఈ మహా పండితుడు నలుగురిలో నవ్వులపాలైతే చూడాలని నాకు ఎంత ఉబలాటమో!

ఆ ఏడు ఉరుములు, వానలు సకాలంలో వచ్చాయి. చుట్టుపక్కల అందరి నేలా నెర్రెలిచ్చింది. బావ కంచెలో మాత్రం ఒక్క కమా లేదు. వానలో లోపముందంటూ ఉపన్యాసం ఇచ్చాడు. నేను పగలబడి నవ్వాను.

మర్నాడు అత్త తిరిగొచ్చింది. కంచె దాటి, బోడి నేల మీద కూలబడి, చాలాసేపు మట్టిని తడుముతూ ఉండిపోయింది. నన్ను పిలిచింది.

"వాడు కాగితాలు చదివొచ్చాడు, వాడికేం తెలుసు? నువ్వు నా వెనకాల తిరిగి నేర్చుకున్నావు కదరా. నువ్వెలా పీకావు?"