అభిమానానికి మరాఠీ మాట

"సర్ గేలే," సార్ పోయారని పాలాయన చెబితే, "ఎక్కడికి, మాహూరు యాత్రకా?" అని అడిగాను. పోవడమంటే మరాఠీలోనూ మనలాగే రెండు రకాలు. ఆయన ముఖం చూశాకగాని అది చావు కబురని నాకు తెలియలేదు.

నాందేడ్‌లో మా పక్కింటి సార్, కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. తెలంగాణ సరిహద్దు పల్లె కర్ఖేలిలో పుట్టిన మనిషి. నాది ఏడో తరగతి చదువు, పైన పుస్తకాల పిచ్చి. ఆయన భార్య నన్ను అన్నా అనేది కాబట్టి, సార్‌కు నేను బావను.

సార్‌కు ఇష్టమైన తత్వవేత్త ఆస్ట్రియావాడు. తండ్రి ఆస్తి పంచేసి, కొండపల్లెలో బడిపంతులైనవాడు. మాటంటే లోకానికి బొమ్మ అని ముందు పుస్తకం రాసి, తర్వాత తనను తానే కాదన్నవాడు. "మాట పనిముట్టు బావా. ఎవలు, ఎవలతోని, ఎందుకన్నరో సూడాలె," అనేవారు సార్, కరివేపాకు చెట్టుకు నీళ్లు పడుతూ. వాదన ముగిసేసరికి వాకిలి మడుగయ్యేది. నేను తలూపేవాణ్ని. తలూపడం నాకు బాగా వచ్చు.

సంతాప సభలో సార్ భార్య, అంటే నా చెల్లె, తెలుగులో మాట్లాడింది. మరాఠీ చేసే పని నాది.

"ఇంటికి ఎవలచ్చినా చాయ్ తాగంది పోనియ్యకపోతుండె. చానా అభిమానముండె," అంది.

నా కథలు ఎన్నడూ కుదించనివాణ్ని, ఆమె చాయ్‌ను మింగేశాను. "త్యాంనా అభిమాన్ ఫార్ హోతా" అన్నాను. మరాఠీలో అభిమాన్ అంటే గర్వం.

ముందు వరుసలో ఒకాయన "ఖరం ఆహే" అని గొణిగాడు. నిజమేనట! సార్‌కు పొగరని కాలేజీలో అననివాడు లేడు. ఇప్పుడు పెళ్లామే ఒప్పుకున్నట్టయింది. వరుసంతా నవ్వింది.

"ఏందన్నా, నవ్వవట్టిరి?" అంది చెల్లె.

"ఏం లేదమ్మా," అన్నాను. అదీ అబద్ధమే.

కొండపల్లెలో పిల్లల్ని కొట్టిన ఆ తత్వవేత్త, ఏళ్ల తర్వాత తిరిగివెళ్లి ఇల్లిల్లూ తిరిగి క్షమించమన్నాడట. సార్ చెప్పిందే. నాకంత నడక కూడా లేదు, మైకు చేతిలోనే ఉంది. "మాఝం చుక్‌లం," నాదే తప్పని లేచి, చాయ్ సంగతి చెప్పాను. "అభిమాన్ నాహీ..." అని ఆగిపోయాను. సరైన మాట రాలేదు.

వెనక నుంచి కూరలమ్మే బాయి లేచింది. "మాయా! సరాంచీ లయీ మాయా హోతీ!"

చెల్లె ఉలిక్కిపడింది. "సారు మాయ జేసిండంటదేందన్నా?"

"మోసం కాదమ్మా. ప్రేమను ఈళ్లు మాయ అంటరు."

చెల్లె కాసేపు ఆ మాటను నోట్లోనే తిప్పుకుంది. తర్వాత కుర్చీలు తప్పించుకుంటూ వెనక్కి నడిచింది. "హో బాయీ, మాయా," అంది.

ఇద్దరూ అక్కడే నిలబడ్డారు, ఒకరి కొంగు ఒకరి చేతిలో.