చెట్లకు పౌడరు

కోదాడలో మా పక్కింటికి స్లాబ్ పోస్తుంటే, తడి సిమెంటు వాసనకు వాడపల్లి గుర్తొచ్చింది.

నా ఎనిమిదో ఏట అమ్మతో మిర్యాలగూడ నుంచి అక్కడి మామయ్య ఇంటికి వెళ్లాను. కృష్ణా, మూసీ కలిసేచోట ఒకప్పుడు పడవల మీద వ్యాపారం సాగిన ఊరది. అప్పటికే సిమెంటు ఫ్యాక్టరీల ఊరైంది. మామయ్య కూతురు సుజాతకు వాకిట్లోంచే నది కనిపించేది. వాకిట్లో చెట్ల ఆకుల మీదంతా తెల్లటి పొడి. మా ఇంట్లో పౌడరు డబ్బాను అమ్మ నాకందకుండా పెట్టేది. వీళ్లు చెట్లకు కూడా పూస్తున్నారనుకుని కుళ్లుకున్నాను.

తిరిగొచ్చే రోజు బస్సెక్కబోతుంటే సుజాత దగ్గుతూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నన్ను గూడ తీస్కపోరాదే. మీ తాన గింత దుమ్ముండదంట గద" అంది.

చెయ్యి విడిపించుకున్నాను.

"ఏమంటున్నదే?" అని అమ్మ అడిగింది.

"ఏం లేదమ్మా" అన్నాను.

చెప్పి ఉంటే అమ్మ దాన్ని సెలవులకు మాతో తీసుకొచ్చేది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు.