తొమ్మిదింపావు ఫోటో

బందరులో ఆ వీధి మొదట్లో ఒక ఫ్లెక్సీ కట్టారు. ఎడమవైపు చెత్తతో నిండిన వీధి, కింద ‘ముందు’ అని. కుడివైపు అదే వీధి, అద్దంలా, కింద ‘తర్వాత’ అని. మధ్యలో చీపుళ్ళు పట్టుకుని పళ్ళికిలించిన ఐదుగురు కాలేజీ పిల్లలు. ఆ ఐదుగురిలో అంచున నిలబడ్డ పిల్ల వినీల. కట్టిన రోజు ఆ ఫ్లెక్సీని తనే ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టుకుంది. వారం తిరిగేసరికి దాని కిందుగా నడవాల్సొస్తే చున్నీ ముఖానికి అడ్డం లాక్కుని రోడ్డు అవతలి పక్కకి పోయేది. ఎందుకంటారా, వినండి.

వినీలది గుడివాడ. డిగ్రీ రెండో ఏడు. డిగ్రీ పిల్లలకి ఇప్పుడు ఇంటర్న్‌షిప్ తప్పదు కదా, వీళ్ళ జట్టుకి బందరులో ఒక సంస్థ నడిపే పరిశుభ్రత కార్యక్రమం దొరికింది. రెండు నెలలు. ఇంటింటికీ వెళ్ళి తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అని చెప్పాలి. మురుగు కాలవలో కవర్లు వెయ్యొద్దని బతిమాలాలి. వారానికో వీధి శుభ్రం చేసి, ‘ముందు’ ఒకటి ‘తర్వాత’ ఒకటి ఫోటోలు పెట్టాలి. అవి మామూలుగా తీస్తే కుదరదు. తేదీ, టైము, చోటు ఫోటో కిందే పడే యాప్‌తో తియ్యాలి. పిల్లలు ఎక్కడివో పాత ఫోటోలు తెచ్చి అంటగడతారని ఆ జాగ్రత్త. జాగ్రత్త మంచిదే. ఫోటో నిజమైనదై, చెత్తే దొంగదైతే ఏ యాప్ పట్టుకుంటుంది?

చిక్కంతా రైలు దగ్గరొచ్చింది. గుడివాడలో ఎక్కిన పాసింజరు పెడన దాటి బందరు చేరేసరికి ఎనిమిదిన్నర అయ్యేది. వీళ్ళు వీధిలోకి అడుగు పెట్టేసరికి తొమ్మిది. అప్పటికి సూర్యకుమారి ఆ వీధి ఊడ్చేసి రెండు గంటలు దాటేది.

సూర్యకుమారిది గిలకలదిండి. యాభై దాటిన మనిషి. పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచీ నెత్తిన చేపల గంప పెట్టుకుని ఇవే వీధులు తిరిగింది. ఏ ఇంట్లో పండుగప్ప అయితే తప్ప ముట్టరో, ఏ ఇంటావిడ మెత్తళ్ళకి కూడా అరగంట బేరమాడుతుందో ఆమెకి కంఠతా వచ్చు. మెడ నరాలు పట్టేసి, ఇంకొక్క రోజు నెత్తిన బరువు పెట్టినా మంచాన పడతావని డాక్టరు కసిరాక గంప దించి చీపురు పట్టుకుంది. పదకొండేళ్ళయింది. కాంట్రాక్టు పని, ఎప్పుడు వద్దంటే అప్పుడు ఇంటికి పోవాల్సిందే. అయినా ‘నా వీధి’ అనే అనేది. ఒకప్పుడు గంప దించుకోడానికి చెయ్యందించిన గుమ్మాల్లోనే కొందరు ఇప్పుడు ఆమె వస్తే చీర కుచ్చెళ్ళు పక్కకి లాక్కునేవారు. దాన్నీ ఆమె పట్టించుకోలేదు. తెల్లవారుజామున ఐదుకి హాజరు మస్టరు వేయించుకుని వచ్చిందంటే, ఏడయ్యేసరికి వీధి పొడుగునా చీపురు గీతలు దువ్విన తలలా ఉండేవి.

వినీలంటే ఆమెకి మొదటి రోజే ఎందుకో ముద్దొచ్చింది. ఆంటీ అని పిలిస్తే, ఆంటీ ఏంటే పిన్నీ అనలేవూ అని కోప్పడింది. అప్పట్లో ఈ పిల్లలు గేటు తడితే తలుపు తీసేవాళ్ళే లేరు. లోపల్నుంచే ఏమీ కొనం పొమ్మనేవారు. తిరిగి తిరిగి ముఖాలు వేలాడేసుకున్న పిల్లలకి దారి చూపింది సూర్యకుమారే. గేటు దగ్గరే నిలబడి పేరు పెట్టి పిలవమంది. ముందు మొక్కలు బాగున్నాయనమంది, పిల్లల చదువులడగమంది, చెత్త మాట ఆఖర్న ఎత్తమంది. పాతికేళ్ళు చేపలమ్మిన మనిషి విద్య అది. మర్నాటి నుంచీ తలుపులు తెరుచుకున్నాయి. వినీల తన రికార్డులో ‘ప్రజలతో మమేకమయ్యే పద్ధతులు’ అని పేజీన్నర రాసుకుంది. ఆ పేజీన్నరలో సూర్యకుమారి పేరు ఒక్కచోట కూడా లేదు.

నాలుగో వారం ఆ వీధికే ఫోటోలు పెట్టాలి. గురువారం సాయంత్రంతో గడువు. తొమ్మిదింటికి వచ్చి చూస్తే వీధిలో రెండు బాదం ఆకులు, ఒక పాన్‌పరాగ్ పొట్లం. ‘ముందు’ ఫోటోకి చెత్త ఏదీ? జట్టు నాయకుడు సాత్విక్ తల పట్టుకున్నాడు. పక్క వీధులకి వెళ్దామంటే వాళ్ళకి రాసిచ్చింది ఈ వీధినే. అప్పుడు వాడి కన్ను వీధి చివర నిలబెట్టిన చెత్త బండి మీద పడింది. అందులోది కాస్త పోద్దాం, ఫోటో తీసి మళ్ళీ ఎత్తేద్దాం, ఎవరికి నష్టం అన్నాడు. అడగడానికి చనువున్నది వినీలకి కాబట్టి వినీలని పంపారు.

సూర్యకుమారి విని పకపకా నవ్వింది. ఊడ్చిన వీధిలో చెత్త పొయ్యడమేమిటే అంది. మార్కులు పిన్నీ అంటే, మార్కులంటే కాదంటానా అని తనే బండి తోసుకొచ్చింది. పిల్లలు ఒకచోట గుమ్మరించబోతే ఆపింది.

“అలా కుప్ప పోస్తే పోసినట్టే ఉంటది. గాలికి కొట్టుకొచ్చినట్టు ఉండాలి గదా. ఇట్టివ్వు.”

తన చేత్తో కవర్లు, అరటి డొప్పలు, కొబ్బరి పీచు వీధి పొడుగునా చల్లింది. తన వీధిలో తనే. అందరూ నవ్వుకున్నారు. ఫోటో తీస్తే కింద తొమ్మిదీ పదిహేను అని పడింది. ఆ టైము తమ శ్రద్ధకి గుర్తనుకున్నారే గానీ, అది ఇంకొకరి మీద చాడీ చెబుతుందని ఐదుగురు చదువుకున్న పిల్లల్లో ఒక్కరికీ తట్టలేదు. తర్వాత ఊడ్చారు. వాళ్ళు ఊడ్చింది ఆమెకి నచ్చక మళ్ళీ తనే ఊడ్చింది. పది గంటలకి ‘తర్వాత’ ఫోటో తీశారు.

ఆ ఫోటోలే నెలకంతటికీ మేలైనవన్నారు. వార్డు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఫ్లెక్సీ కట్టారు. మూడో రోజున ఊడ్చేవాళ్ళ మీద అజమాయిషీ చేసే మేస్త్రీ గంగాధరరావు గారు పిల్లల్ని రమ్మంటున్నారని కబురొస్తే సాత్విక్ జ్వరమని రాలేదు, వినీల వెళ్ళింది. ఆ ఫోటో పై అధికారి ఎవరో చూశారట. ఐదుకి మస్టరు వేస్తే తొమ్మిదింపావుకి వీధి ఇలా ఉందేమిటని మేస్త్రీని నిలదీశారట. ఇదేమీ వినీలకి తెలియదు. గదిలోకి వెళ్ళేసరికి టేబులు మీద ఫోటో. గుమ్మం పక్కన సూర్యకుమారి, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ.

“ఈ ఫోటో మీరు తీసిందేనా అమ్మా?” అని అడిగారు గంగాధరరావు.

“అవునండీ.”

“టైము సరిగ్గానే పడిందా?”

“అవునండీ.”

“వెళ్ళేసరికి వీధి ఇలాగే ఉందా?”

దొంగ ఫోటో అని పట్టుకోడానికి పిలిచారనుకుంది వినీల. ఇంటర్న్‌షిప్ పోతుంది, ఏడాది పోతుంది, ఇంట్లో నాన్నకి ఏం చెప్పాలి? మూడోసారి కూడా అవునండీ అనేసింది.

గంగాధరరావు గారు సూర్యకుమారి వైపు తిరిగి, ఇప్పుడేమంటావ్ అన్నారు. అప్పుడు తెలిసింది వినీలకి ఆ ప్రశ్నలన్నీ ఎవరి కోసమో. సూర్యకుమారి మేస్త్రీని చూడలేదు. వినీలని చూసింది. తొందరేమీ లేకుండా చూసింది. నోరు తెరిచి ఒక్క మాట చెప్పడానికి ఆ పిల్లకి కావలసినంత సేపు చూసింది. వినీల తల దించుకుని గచ్చు వంక చూస్తూ నిలబడింది.

“ఏవంటానండీ, ఫోటో ఉంది గదా,” అంది సూర్యకుమారి. మళ్ళీ చెప్పేదాకా పనిలోకి రావద్దన్నారు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం రైల్లో వినీల తనకి తాను చెప్పుకోని సాకు లేదు. నేనొక్కదాన్నే కాదుగా అనుకుంది. ఆవిడే కదా చల్లింది అనుకుంది. ఛీ, ఆ మాట అనుకున్నందుకు మళ్ళీ తనని తనే తిట్టుకుంది. ఇంట్లో అమ్మ అన్నం పెడితే కెలికి లేచిపోయింది. సాత్విక్‌కి ఫోన్ చేస్తే, నాలుగు రోజుల్లో మళ్ళీ తీసుకుంటార్లే, నువ్వు అనవసరంగా కెలక్కు అన్నాడు. కాలేజీలో ఇంటర్న్‌షిప్ చూసే జ్యోతిర్మయి మేడమ్‌కి ఫోన్లో సగం సగం చెబితే ఆవిడ మిగతా సగం వినడానికి ఇష్టపడలేదు. కాలేజీ పేరు ముడిపడి ఉందమ్మా, జాగ్రత్త అని ఫోన్ పెట్టేసింది.

వీధికి వెళ్తే ఇంకో వింత. సూర్యకుమారి బదులు వచ్చిన మనిషికి నాలుగు వీధులు అప్పజెప్పారు. పాపం ఎన్నని ఊడుస్తుంది? పది గంటలకి కూడా కవర్లు ఎగురుతూ ఉండేవి. పైన ఫ్లెక్సీలో ‘ముందు’ ఎలా ఉందో కింద వీధి సరిగ్గా అలా తయారైంది. ఇక సుబ్బరత్నమ్మ గారని, ఆ వీధిలో మూడో ఇంటావిడ. సూర్యకుమారికి రోజూ గ్లాసుడు కాఫీ పోసిన మనిషి. ఆవిడ వినీలని గేటు దగ్గర ఆపి, ఈమధ్య సూర్యకుమారి పని ఎగ్గొడుతోందమ్మా, మాకూ ఫోటో చూసేదాకా తెలియలేదు అంది. పదకొండేళ్ళు పొద్దున్నే తలుపు తీసి తన కళ్ళతో చూసిన వీధి అది! ఆ కళ్ళకి విలువ లేదు, ఫోన్లో బొమ్మకి ఉంది. వినీలకి ఆవిడ మీద మండింది. ఆ బొమ్మ తీసింది ఎవరో గుర్తొచ్చి ఆ మంట చప్పున చల్లారింది. ఆ పూట తడి చెత్త పొడి చెత్త అని చెప్పడానికి నోరు రాలేదు. ఎవరికి చెబుతుంది, ఏ ముఖం పెట్టుకుని చెబుతుంది?

సూర్యకుమారి నాగాయలంకలో కూతురింటికి వెళ్ళిందని తెలిసింది. ఆదివారం ఇంట్లో స్నేహితురాలి పెళ్ళని చెప్పి, బందరొచ్చి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, అక్కడ బస్సు మారి నాగాయలంక చేరింది వినీల. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకుంది. తీరా చూస్తే సూర్యకుమారి ఒక రేకుల షెడ్డులో పదిమంది ఆడవాళ్ళ మధ్య పీట మీద కూర్చుని రొయ్యలు వలుస్తోంది. ఐసు నీళ్ళలో నాని వేళ్ళు తెల్లగా ముడతలు పడ్డాయి. మెడకి తువ్వాలు చుట్టుకుంది. కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. వినీల అక్కడే నేల మీద చతికిలబడి ఏడ్చింది. తప్పయిపోయింది పిన్నీ, క్షమించు పిన్నీ అని అదే మాట.

సూర్యకుమారి చేతిలో రొయ్య వలిచి గిన్నెలో వేసింది. ఇంకోటి తీసింది. అది కూడా వలిచాక అంది.

“నాకెందుకమ్మా చెప్పడం? నాకు తెలుసు గదా. నేను చెబుదామనుకున్నా ఆ రోజు. నువ్వే చెబుతావని చూశా. తెలియనోళ్ళకి చెప్పు, ఎళ్ళి.”

చివరి బస్సు పోతుంది, లెమ్మని చెప్పి మళ్ళీ పనిలో పడింది. తిన్నావా అని అడగలేదు. వినీలని చూసినప్పుడల్లా ఆమె అడిగే మొదటి మాట అది.

సోమవారం వినీల ఎవరితోనూ చెప్పకుండా గంగాధరరావు గారి దగ్గరికి వెళ్ళింది. కాగితం మీద రాసుకుపోయింది. ఆ రోజు వీధి సూర్యకుమారి గారు శుభ్రంగా ఊడ్చారు, ఫోటో కోసం బండిలో చెత్త పోయించింది నేను, అడిగినప్పుడు అబద్ధం చెప్పింది నేను. కింద ఒక్క తన పేరే పెట్టింది. ఆయన రెండుసార్లు చదివారు. ఆ రోజు అడిగానుగా అమ్మా అన్నారు. అడిగారండీ అంది. తిట్టినా బాగుండేది. ఆయన తిట్టలేదు, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అలాంటి మనిషిని నేను కూడా నమ్మలేదే అని తనలో తను అనుకున్నట్టు అన్నారు.

ఆ తర్వాత జరగాల్సినవి జరిగాయి. ఐదుగురి ఇంటర్న్‌షిప్పూ రద్దయింది, వచ్చే ఏడు మళ్ళీ చెయ్యాలి. జట్టులో నలుగురూ వినీలతో మాట మానేశారు. మేడమ్ క్లాసులో పేరెత్తకుండానే దులిపేసింది. నాన్న రెండు రోజులు అన్నం దగ్గర పలకలేదు. ఫ్లెక్సీ దించేశారు. సూర్యకుమారిని మళ్ళీ పనిలోకి, అదే వీధికి రమ్మన్నారు.

ఆమె వచ్చిన మొదటి రోజు వినీల గుడివాడలో తొలి బస్సు పట్టుకుని ఆరింటికల్లా వీధిలో ఉంది. రమ్మని ఎవరూ అనలేదు. చీపురందుకోబోతే సూర్యకుమారి ఇవ్వలేదు, అలాగని పొమ్మనీ అనలేదు. వినీల ఆమె వెనకే బండి తోసుకుంటూ నడిచింది. సుబ్బరత్నమ్మ గారు కాఫీ గ్లాసుతో గేటు దగ్గర నిలబడి, మేమెప్పుడూ నిన్ను అనుమానించలేదే సూర్యకుమారీ అంది. సూర్యకుమారి తలూపి, ఇప్పుడొద్దమ్మగారూ అని ముందుకి పోయింది.

ఏడవుతుండగా వీధి పూర్తయింది. చీపురు గీతలు ఎప్పట్లాగే పడ్డాయి. సూర్యకుమారి చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, రొంటిలోంచి ఒక పాత ఫోన్ తీసింది. అల్లుడు వాడి వదిలేసింది, అద్దం ఒక మూల పగిలింది.

“ఆ టైము పడేది ఇందులో ఎయ్యి.”

“ఎందుకు పిన్నీ? అంతా తెలిసింది గదా ఇప్పుడు.”

“రేపు ఇంకెవరన్నా ఫోటో చూపిస్తే? ఊడ్చానంటే నమ్మలేదు గదా ఎవరూ.”

వినీల యాప్ వేసింది. ఎక్కడ నొక్కాలో, ఎలా పట్టుకోవాలో చూపించింది. సూర్యకుమారి నొక్కేటప్పుడు ఫోన్ కదిలి మొదటిది చెదిరింది. రెండోది నిలబడింది. ఖాళీ వీధి, చీపురు గీతలు, కింద తేదీ, ఆరూ యాభై నాలుగు. ఆమె ఫోన్ కళ్ళకి దగ్గరగా తెచ్చుకుని, అంకెలు ఒక్కొక్కటే వేలితో తడిమి చూసి, పడింది అంది.

ఇప్పటికీ రోజూ తీస్తుంది. వాన పడినా తీస్తుంది. ఎవరికీ పంపదు, పంపమని ఎవరూ అడగలేదు కూడా. వీధి చివర నిలబడి, చీపురు చంకలో పెట్టుకుని, రెండు చేతులతో ఫోన్ పట్టుకుని ఒకటి తీసుకుని దాచుకుంటుంది.